నూనెడబ్బా కోసిన చెక్కలు

పొద్దున్న పదయ్యేసరికి ఆ వీధి ఒక్కసారిగా ఉరుముతుంది. మబ్బు ఉండదు, వాన రాదు. ఉరిమేవి షట్టర్లు. ఈ చివర చెప్పుల షాపు మొదలుకొని ఆ చివర మూల మేడ దాకా రెండు వరుసల దుకాణాలూ ఒకే క్షణంలో తెరవాలన్నది అక్కడి కట్టడి. ముందు తెరిచినవాడు పక్కవాడి బేరం తన్నుకుపోతున్నాడని ఎప్పుడో గొడవలై, తలలు పగిలి, చివరికి పెద్దలు కూర్చుని చేసుకున్న ఏర్పాటది. వర్తక సంఘం అధ్యక్షుడు తన కొట్టు ముందు నిలబడి చెయ్యెత్తి దించుతాడు. అంతే, షట్టర్లన్నీ ఒక్కటిగా పైకి లేస్తాయి. కొత్తగా వచ్చినవాళ్లు అదిరిపడి పక్కవాళ్ల చెయ్యి పట్టుకుంటారు. అలవాటైనవాళ్లు గడియారం సరిచేసుకుంటారు.

ఆ ఉరుము సరిగ్గా ఉరమాలంటే ఒక మనిషి కావాలి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ కాస్త ముందుకు వంగి నడిచే మనిషి. ఒక చేతిలో పొడుగు మూతి నూనెడబ్బా, భుజానికి పనిముట్ల సంచీ. అతనికి పేరు వెతికే శ్రమ వీధివాళ్లు పడలేదు. నూనెడబ్బా అన్నారు, అతను పలికాడు, అదే ఖాయమైపోయింది. షట్టరు మొరాయిస్తే నూనెడబ్బా, గాడి తప్పితే నూనెడబ్బా. సాఫీగా లేచినన్నాళ్లూ మాత్రం అతను ఉన్నాడో పోయాడో ఎవరికీ పట్టదు. దానికి అతను నొచ్చుకున్నదీ లేదు. తన పని గురించి ఎవరూ మాట్లాడుకోకపోతేనే పని బాగా చేసినట్టని అతని నమ్మకం.

వీధి అంటే ఏదో మామూలు బజారనుకునేరు. సూది దగ్గర్నుంచి సోఫా దాకా అక్కడ దొరకనిది లేదు. దేశం నలుమూలల నుంచీ జనం దాన్ని చూడ్డానికే దిగుతారు. నగరం నగరమంతా దాని మీద పడి బతుకుతోంది. ఊరవతల సందుల్లో ఇంటి గడపల్లో కూర్చుని చొక్కాలకి కాజాలు కుట్టే ఆడవాళ్లు, మూటలు మోసే హమాలీలు, అట్టపెట్టెలు ఏరుకునేవాళ్లు, లారీలవాళ్లు, టీలవాళ్లు, ఆఖరికి జేబులు కొట్టేవాళ్లు కూడా, అందరి పొయ్యిలూ వెలిగేది ఆ వీధి బేరాలతోనే. నగరానికి వచ్చే పన్నుల్లో పెద్ద ముద్ద అక్కడిదేనని అధికారులే ఒప్పుకుంటారు. అందుకే అక్కడ రోడ్డు తవ్వాలన్నా ముందు సంఘం మొహం చూస్తారు. ఒకసారి ఏదో సమ్మెకి వీధి మూతపడితే, నాలుగు కోసుల అవతల కాజాలు కుట్టే ఇళ్లల్లో పిల్లలు పస్తులున్నారు.

కాబట్టి వీధిలో పెరిగిన ప్రతివాడికీ చిన్నప్పుడే ఒకటి ఒంటబడుతుంది. వీధి గురించి చెడ్డ మాట బయటివాళ్ల చెవిన పడకూడదు. ఎలుకలున్నాయని అనకూడదు, దొంగలు పడ్డారని అనకూడదు. ఒక్క పుకారు లేస్తే చాలు, కొనేవాళ్లు ఇంకో వీధి వెతుక్కుంటారు. ఈ నోరు కుట్టేసుకునే విద్యలో నూనెడబ్బా అందరికన్నా ఆరితేరాడు. అసలే అతనికి నోట్లో నాలుక లేదు.

మాటలేమైనా ఉంటే అక్కతోనే. తల్లీ తండ్రీ ఒకరి వెనక ఒకరు పోతే, ఆవిడే ఒళ్లో వేసుకుని పెంచింది. పదమూడో పద్నాలుగో ఏళ్ల పిల్ల, ఒక చొక్కాల కొట్లో గుండీలు కుడుతూ, చంటివాణ్ణి గుడ్డముక్కల కుప్ప మీద పడుకోబెట్టుకునేది. వాడు పెద్దవాడయ్యాక, షట్టర్లు బాగుచేసే ముసలాయన కాళ్లావేళ్లా పడి పనిలో పెట్టించింది. తర్వాత తర్వాత మూల మేడలో మెట్ల కింద జాగా ఒకటి దొరికితే, అక్కడ గుండీల దుకాణం పెట్టుకుంది. గోడ నిండా అట్టపెట్టెలు. ప్రతి పెట్టె మొహాన లోపలున్న గుండీ ఒకటి కుట్టి ఉంటుంది. చీకట్లో తడిమి కూడా అడిగిన గుండీ తీసిస్తుంది. వీధికి ఆవిడ గుండీలక్క. నోటి దురుసు, ముక్కు మీద కోపం, కడుపులో మాత్రం ఏమీ ఉండదు. పెళ్లి గురించి ఎవరైనా కదిపితే, "ఒకణ్ణి పెంచాను, చాల్లే" అనేది.

మూల మేడ నాలుగంతస్తులది. వీధిలో అన్నిటికన్నా పాతది. కింద ఒకే పెద్ద షట్టరు, అది లేస్తే లోపల ముప్ఫై నలభై చిన్న కొట్లు, పైకి మెట్లు. ఆ షట్టరు బరువు ఎత్తీ ఎత్తీ అక్క కుడి భుజం పోయింది. అది చూసి నూనెడబ్బా షట్టరులోనే మనిషి వంగి దూరేంత చిన్న తలుపు కోసి, కీళ్లు వేసి, తాళం పెట్టాడు. తాళంచెవులు రెండు చేసిచ్చాడు. ఒకటి పోతే ఇంకోటి ఉండాలి కదా. అంత ముందుచూపు మనిషి.

గొయ్యి మొదలైంది ఆ మేడ పక్కనే. అక్కడ పాత సినిమాహాలు ఉండేది, దాన్ని కూలగొట్టి ఏదో కంపెనీ పెద్ద షాపింగు భవనం కడతానంది. నేల కింద కార్లు పెట్టుకోడానికే కొన్ని అంతస్తులట. వీధి సంబరపడింది. పక్కన అంత పెద్దది వస్తే జనం రెట్టింపవుతారని సంఘం టీ పార్టీ కూడా ఇచ్చింది. తవ్వుతూ తవ్వుతూ ఉంటే నీళ్లు పడ్డాయి. పంపులు పెట్టారు. అవి రాత్రీ పగలూ తోడుతూనే ఉన్నాయి. మొదట్లో ఆ మోత తలనొప్పిగా ఉండేది, కొన్నాళ్లకి చెవులు దాన్ని లెక్కచేయడం మానేశాయి. కాలవలో పడే నీళ్లు మాత్రం తేటగా రాలేదు. ఇసక కలుపుకుని గోధుమరంగుగా వచ్చేవి. కాలవ పక్క పేరుకున్న ఆ ఇసకని తాపీమేస్త్రీలు గోనెల్లో ఎత్తుకుపోయేవాళ్లు. ఊరికే వచ్చిన ఇసక, ఎవరు వద్దంటారు?

ఆ రోజుల్లోనే నూనెడబ్బాకి పని పెరిగింది. ఆ వీధి షట్టర్లకి అడుగున పొడుగాటి చెక్క ఒకటి బిగించి ఉంటుంది, వాన నీళ్లూ ఎలుకలూ దూరకుండా. ఏ కొట్టు చెక్కకి ఆ కొట్టు రంగు. చెప్పుల షాపుది నీలం, బొమ్మల షాపుది ఆకుపచ్చ, గొడుగుల షాపుది ఎరుపు, మూల మేడది పసుపు. ఇప్పుడు మూల మేడ ఉన్న వరుసలో ఆ చెక్కలు ఒక మూల నేలకి ఆని, రెండో మూల ఎత్తుగా నిలబడిపోవడం మొదలెట్టాయి. తాళం పడటం లేదని పిలుపులు.

"వానాకాలం కదా, చెక్క ఉబ్బింది" అన్నాడు గొడుగుల షాపాయన. ఆయనకి ఏం జరిగినా వానే కారణం.

నూనెడబ్బా వంగి చూసేవాడు. ఆనిన వైపు నుంచి చెక్కని ఏటవాలుగా కోసేవాడు. పొడుగాటి చీలిక ఒకటి ఊడివచ్చేది, ఒక కొస లావు, ఒక కొస సన్నం. షట్టరు మళ్లీ నేలకి అతుక్కుపోయేది. గాడి బిగిస్తే గాడి అరగదీసేవాడు, కమ్మీ అడ్డొస్తే కమ్మీ అరగదీసేవాడు. మళ్లీ నెలకి అదే కొట్టు నుంచి పిలుపొస్తే మళ్లీ కోసేవాడు. ఎక్కడ ఎంత కోస్తే ఎంత దిగుతుందో అతనికి వెన్నతో పెట్టిన విద్య. వీధి మురిసిపోయింది. మూల మేడ షట్టరు చిటికెన వేలితో ఎత్తొచ్చని అక్క పదిమందికీ చెప్పుకుంది. మనిషన్నాక పొగడ్త చేదా? అతను కూడా కాస్త ఉబ్బాడు, వాన తగిలిన చెక్క కన్నా ఎక్కువే.

కోసిన చీలికలు సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. భార్య వాటిని పొయ్యిలో పెట్టేది, తలుపు కొట్టుకోకుండా కింద దోపేది. ఒక ఆదివారం మధ్యాహ్నం బీరువా ఊగుతోందని ఆవిడ చీలికల కుప్ప ముందేసుకుని కూర్చుంది.

"ఏవండీ, మీరు కోసేవన్నీ ఇలా ఒకే చేతివాటంగా ఉంటాయేంటి? ఎడమ వైపు లావుది ఒక్కటీ లేదు."

"చెక్క కదా, ఎలా తిప్పితే అలా" అన్నాడతను కునుకులోంచి.

"రంగు మొహం నా వైపు పెట్టుకుని చూస్తున్నాను. మీరే చూడండి."

అతను లేచాడు. నేల మీద చతికిలబడి చీలికల్ని రంగుని బట్టి వీధి వరుసలో పేర్చాడు. నీలం, ఆకుపచ్చ, ఎరుపు, చివర్న పసుపు. భార్య చెప్పింది నిజమే. ఒక్కటి కూడా రెండో వైపు తిరిగి లేదు. సన్నటి కొసలన్నీ ఒక్క దిక్కునే, గొయ్యి వైపే చూస్తున్నాయి. చెప్పుల షాపు చీలిక గాజుముక్కంత పల్చన. బొమ్మల షాపుది దానికన్నా లావు. గొడుగులది ఇంకా లావు. పసుపువి మాత్రం ఒకటి కాదు, ఒక కట్ట. అన్నీ కలిపి పట్టుకుంటే పిడికిట్లో ఇమడలేదు. చెక్క వాన తగిలి ఉబ్బితే దాని ఇష్టం వచ్చినట్టు ఉబ్బుతుంది గానీ, వరుస వరుసంతా ఒక మాట మీద ఉబ్బదు. దిగింది నేల. పంపులు నీళ్లతో పాటు దాని కింద ఇసకనీ తోడేస్తున్నాయి. ఇన్నాళ్లూ తను కోసింది చెక్కని కాదు, నేల ఎంత దిగిందో అంత కోసి సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ మాట తట్టగానే అతనికి మొదట గుర్తొచ్చింది మెట్ల కింద కూర్చున్న అక్క.

మర్నాడు చీలికలు మూటగట్టుకుని అధ్యక్షుడి దగ్గరికి వెళ్లాడు. ఆయనది ప్రయాణం పెట్టెల దుకాణం, వీధికి పెట్టెలాయన. చుట్టూ నేల నుంచి కప్పు దాకా ఖాళీ పెట్టెలు, మధ్యలో ఆయన. నూనెడబ్బా మాటలు కూడదీసుకుంటూ, ఆ గాజుబల్ల మీద చెక్కలు పేరుస్తూ సంగతి చెప్పాడు. పెట్టెలాయన అడ్డురాకుండా విన్నాడు. ఆశ్చర్యపోలేదు. అది చూసే నూనెడబ్బాకి భయం వేసింది.

"కంపెనీ వాళ్లని అడిగాం. గొయ్యి చుట్టూ గోడ పోసేస్తున్నాం, ఇంకేం ఫర్వాలేదన్నారు" అన్నాడాయన. "తగ్గింపుల వారం ఇంకెంతో దూరం లేదు. ఏడాది పొడుగునా చేసేది ఒకెత్తు, ఆ వారం ఒకెత్తు. ఇప్పుడు మేడ వంగిందని ఒక్క మాట బయటికి పోయిందనుకో, ఎంతమంది నోటి దగ్గర కూడు తీసినట్టవుతుందో నీకు చెప్పక్కర్లేదు. వారం గడవనీ. నేనే మనుషుల్ని పిలిపించి చూపిస్తా."

"ఆ వారమే కదండీ లోపల జనం ఎక్కువుండేది."

"అవును. అందుకే గదా ఆ వారాన్ని పోగొట్టుకోలేమంటున్నా." పెట్టెలాయన చీలికలన్నీ ఒక్కొక్కటే ఏరి, కొత్త పెట్టె ఒకటి దించి అందులో పెట్టి మూశాడు. "ఇంకో మాట. వీటిని కోసింది నువ్వు. ఎవరూ చెప్పకుండా, ఎవరికీ చెప్పకుండా కోస్తూ వచ్చింది నువ్వు. రేపు పొద్దున్న ఏదైనా అయితే ముందు ఎవర్ని అడుగుతారు? ఆలోచించుకో. నీ మంచికే చెబుతున్నా."

గొంతు ఎంత మెత్తగా ఉందంటే, ఆయన బెదిరించాడని నూనెడబ్బాకి వీధి సగం నడిచాక గానీ అర్థం కాలేదు. ఆ పెద్దమనిషి చెడ్డవాడా అంటే అదీ కాదు. సమ్మెనాడు కాజాల ఇళ్లకి బియ్యం పంపింది ఆయనే. వీధిని ప్రేమించాడు, అంతే, కింద నేల ఉండాలన్న సంగతి మర్చిపోయేంత ప్రేమించాడు.

అక్క దగ్గరికి వెళ్లేసరికి ఆవిడ గుండీలు ఎంచుతోంది. మెట్ల కింద ఎప్పుడూ ఉండే సున్నం వాసన ఆ రోజు కాస్త ఎక్కువగా ఉంది. అతను చెప్పాల్సింది చెప్పాడు. ఆవిడ చెయ్యి ఆపకుండా వింది.

"నువ్వు బాగుచేశావు కదరా?"

"షట్టరు బాగుచేశానక్కా. మేడని కాదు."

"మేడ వంగితే షట్టరు అంత సాఫీగా ఎలా లేస్తుందిరా? వెర్రివాడా, నీ చేతి పని మీద నీకే నమ్మకం లేకపోతే ఎలా? వీధంతా నమ్ముతోంది. నేను నమ్ముతున్నాను."

అతనికి ఏడుపొచ్చినంత పనైంది. అతని పనితనమే అడ్డం తిరిగి ఆవిణ్ణి అక్కడ కట్టేసింది. ఎలా విప్పాలో తెలియలేదు. అంతలో ఆవిడ చేతిలోంచి గుండీ ఒకటి జారి కింద పడింది. తెల్లటి చిన్న గుండీ. పడ్డచోట ఆగకుండా నిలువునా లేచి, దొర్లుకుంటూ దొర్లుకుంటూ గొయ్యి వైపు గోడ మూలకి పోయి ఆగింది. అక్కడ అప్పటికే దోసెడు గుండీలు పోగుపడి ఉన్నాయి.

"చూశావా" అంది అక్క నవ్వి. "ఈ మధ్య ఎంత హాయిగా ఉందో. పడ్డవన్నీ వాటంతటవే అక్కడికి పోతున్నాయి. వంగి వెతుక్కునే బాధ తప్పింది."

అతను ఆ మూలని చూస్తూ నిలబడిపోయాడు. గోడ అవతల పంపులు తోడుతున్నాయి.

తగ్గింపుల వారం వచ్చింది. ముందురోజు సాయంత్రం అతను నూనె వేస్తానని చెప్పి అక్క దగ్గర చిన్న తలుపు తాళంచెవి తీసుకున్నాడు. తెల్లారీ తెల్లారకముందే మూల మేడ దగ్గరికి వెళ్లి, నిచ్చెన వేసుకుని, షట్టరు పైన డొల్లలో చుట్టి ఉండే స్ప్రింగు వదులు చేసి విప్పేశాడు. ఆ స్ప్రింగు ఉన్నంతసేపే షట్టరు చిటికెన వేలికి లొంగుతుంది. అది లేకపోతే ఒట్టి ఇనుము, పదిమంది పట్టినా కదలదు. మాటతో చేయలేనిది చేత్తో చేద్దామనుకున్నాడు. స్ప్రింగు విరిగిందని, కొత్తది రావడానికి వారం పడుతుందని చెప్తే సరి. వారం గడిస్తే పెట్టెలాయన మనుషుల్ని పిలిపిస్తాడు. అంతవరకూ లోపల పురుగు కూడా ఉండదు. దిగి వచ్చాక అతనికి చాన్నాళ్లకి ఊపిరి ఆడింది.

పది కావస్తుంటే వీధి కిక్కిరిసింది. ఉరుము వినడానికే పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వచ్చినవాళ్లున్నారు. పెట్టెలాయన చెయ్యెత్తి దించాడు. వీధి ఉరిమింది. ఆ చివర ఒక్కచోట మాత్రం ఏమీ జరగలేదు.

"నూనెడబ్బా ఎక్కడ? నూనెడబ్బాని పిలవండి."

అతను వచ్చాడు. పైకి చూశాడు, తల అడ్డంగా ఊపాడు. "స్ప్రింగు పోయింది. వారం పడుతుంది" అన్నాడు. లోపలి కొట్లవాళ్లు నెత్తి బాదుకున్నారు. పెట్టెలాయన జనాన్ని తోసుకుంటూ వచ్చి అతని మొహంలోకి చూశాడు. అక్క కూడా చూసింది. చంటిపిల్లాడప్పట్నుంచీ ఆ మొహం అబద్ధమాడితే ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇంతమంది పొట్ట కొడతావట్రా?" అంది చిన్న గొంతుతో. "నా పొట్ట కూడానా?"

రొంటినుంచి తాళంచెవి తీసింది. రెండోది. అతనే చేసిచ్చింది. నిన్నటి నుంచి అతనికి ఎన్నో గుర్తొచ్చాయి గానీ అది గుర్తు రాలేదు. ఆవిడ వంగి, చిన్న తలుపు తీసుకుని లోపలికి దూరింది. ఆవిడ వెనక కొట్లవాళ్లు. వాళ్ల వెనక జనం. వంగి దూరడం వాళ్లకి అదో సరదా అయింది. ఒకరి వెనక ఒకరు నవ్వుకుంటూ, తలలు కొట్టుకోకుండా చేతులు అడ్డం పెట్టుకుంటూ పోతూనే ఉన్నారు. లోపల దీపాలు వెలిగాయి. పై అంతస్తుల్లో కిటికీలు తెరుచుకున్నాయి.

నూనెడబ్బా అప్పుడు చూశాడు తను చేసిందేమిటో. రోజూ బండి పట్టేంత వెడల్పున తెరిచి ఉండే మేడకి ఇప్పుడు ఒక్క మనిషి వంగితే గానీ పట్టని కన్నం మిగిలింది. జనాన్ని ఆపబోయి జనం బయటికొచ్చే దారి మూసేశాడు. నిచ్చెన కోసం పరిగెత్తాడు. స్ప్రింగు ఎక్కించబోయాడు. అది ఇద్దరు పట్టాల్సిన పని, ఒక్కడికి లొంగలేదు. గొంతులో మాట ఉంది. బయటికి రాలేదు. ఇన్నేళ్లూ నోరు కట్టేసుకున్న మనిషికి అవసరానికి అది తెరుచుకోలేదు.

అంతలో పంపులు ఆగాయి.

ఎవరూ ఆపలేదు, వాటంతటవే ఆగాయి. చెవులు లెక్కచేయడం మానేసిన మోత ఒక్కసారి లేకుండా పోయేసరికి, వీధిలో మాట్లాడుతున్నవాళ్లంతా మాట మధ్యలో ఆగి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. షట్టరులో ఎక్కడో రేకు టప్పుమంది. వెంటనే ఇంకోటి. చిన్న తలుపు అవతలి నుంచి ఎవరో తోశారు. కదల్లేదు. మళ్లీ తోశారు.

"ఒరేయ్ తమ్ముడూ" అంది అక్క లోపల్నుంచి. గొంతులో కోపం పోయింది, ఇంట్లో ఏదో పని పురమాయించినట్టే ఉంది. "చిన్న తలుపు బిగుసుకుందిరా. కాస్త అరగదీసి పెట్టు."

అతని చేతిలో ఆకురాయి ఉంది. ఎప్పుడు తీశాడో తెలియదు, చెయ్యి దానంతటది సంచిలోకి పోయి తీసింది. దాన్ని కింద పారేశాడు. నిచ్చెన మీదే వీధి వైపు తిరిగి, బతుకులో మొదటిసారి అరిచాడు.

"మేడ కూలిపోతోంది. లోపల మనుషులున్నారు. షట్టరు లేపండి."

వీధిలో అనకూడని మాట అది. ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత హమాలీలు మూటలు పారేసి గునపాలతో వచ్చారు. చెప్పుల షాపువాడు వచ్చాడు, బొమ్మల షాపువాడు వచ్చాడు. గునపాలు దూర్చి, భుజాలు ఆనించి, పళ్లు బిగించి లేపితే షట్టరు జానెడు లేచింది. నిలబెట్టడానికి ఏమీ లేదు. ఒక హమాలీ పెట్టెలాయన కొట్లోకి పోయి ఇనప పెట్టెలు ఈడ్చుకొచ్చాడు. అప్పటికి తన కొట్టుకి తిరిగి వెళ్లిన పెట్టెలాయన గుమ్మంలో నిలబడి చూశాడు గానీ అడ్డం రాలేదు. పెట్టెల మీద షట్టరు ఆగింది. ఆ కింద నుంచి జనం బోర్లాపడి పాకుతూ వచ్చారు. ఆడవాళ్లు, మగవాళ్లు, కొన్న సరుకు సంచీ వదలకుండా పళ్లతో పట్టుకున్న పెద్దాయన ఒకడు.

అందరూ వచ్చారు. అక్క రాలేదు. నూనెడబ్బా నేల మీద పడుకుని కిందనుంచి చూశాడు. ఆవిడ చెయ్యి కనిపించింది, అట్టపెట్టె ఒకటి బయటికి తోస్తూ. దాని వెనక ఇంకోటి.

"పెట్టెలు వదిలెయ్ అక్కా. రా."

"కోటు గుండీలురా ఇవి, మళ్లీ దొరకవు. ఇంకొక్కటి."

మూడో పెట్టె వచ్చినప్పుడు అతను పెట్టెని కాకుండా మణికట్టుని పట్టుకున్నాడు. పోయిన భుజమని తెలిసీ లాగాడు. ఆవిడ కేక వేసింది. ఆ కేకతోనే బయటికొచ్చి పడింది.

ఆ తర్వాత ఏమీ జరగలేదు. మేడ అలాగే నిలబడింది. జనం గుండెలు చిక్కబట్టుకుని చూశారు, చూశారు. ఎవరో ఫోన్ చేశారు, ఫైరింజను బయల్దేరిందన్నారు. కానీ తగ్గింపుల వారం, వీధి మొదట్లోనే జనంలో ఇరుక్కుపోయిందన్నారు. మేడ కదల్లేదు. కాసేపటికి ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు పాకింది.

"చూశారుగా" అన్నాడు పెట్టెలాయన పెద్దగా. నుదురు తుడుచుకుంటున్నాడు. "తలుపు బిగిస్తే ఇంత రాద్ధాంతం. వీడొకడు."

"నా చేతిసంచీ పైనే ఉండిపోయింది" అంది ఒకావిడ. "నా కొడుకు చెప్పులు" అంది ఇంకొకావిడ. ఇద్దరు కుర్రాళ్లు షట్టరు కింద దూరడానికి వంగారు. వాళ్ల వెనక నలుగురు. లోపల దీపాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి, కొట్లన్నీ తెరిచే ఉన్నాయి, కాపలా ఎవరూ లేరు.

అక్క తన మూడు పెట్టెల మీద కూర్చుని భుజం పట్టుకుని ఉంది. తమ్ముడి మొహం చూసింది. అతను ఆవిడకేసి చూడటం లేదు, షట్టరు అడుగున పసుపు చెక్కని చూస్తున్నాడు. పొద్దున్న నేలకి అతుక్కుని ఉన్న చెక్క ఇప్పుడు ఇనప పెట్టెల మీద ఆని, ఒక కొస రెండో కొస కన్నా పిడికిలంత ఎత్తున ఉంది. ఆ మొహం అబద్ధమాడితే ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. ఇప్పుడలా లేదు.

ఆవిడ లేచింది. మంచి చేత్తో గుండీల పెట్టెలు ఒక్కొక్కటే ఈడ్చి, షట్టరు కింద మిగిలిన సందుకి అడ్డంగా పేర్చింది. కుర్రాళ్లని చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, ఆ పెట్టెల మీద కూర్చుంది. వీపు షట్టరుకి ఆనించింది.

"లేమ్మా గుండీలక్కా, దారికడ్డం" అన్నాడు పెట్టెలాయన.

"లేవను. ఫైరింజను వచ్చేదాకా ఒక్కడు లోపలికి పోడానికి వీల్లేదు. మా వాడు చెప్పాడు."

"వాడు చెప్తే?"

"నేను పెంచాను వాణ్ణి" అంది ఆవిడ, అంతకన్నా సాక్ష్యం ఏముంటుందన్నట్టు.

నూనెడబ్బాకి ఆవిణ్ణి అక్కణ్ణించి లాగెయ్యాలనిపించింది. లాగేస్తే ఆ సందు ఖాళీ అవుతుంది. చేసేది లేక వెళ్లి ఆవిడ పక్కన, మిగిలిన సందు మూసుకునేలా కూర్చున్నాడు. వీపు వెనక ఇనుము సన్నగా వణుకుతోంది, అక్కకి తెలిసిందో లేదో. వీధి మొదట్లో ఎక్కడో ఫైరింజను గంట వినిపిస్తోంది, దగ్గరవుతున్నట్టు మాత్రం లేదు.

పైనుంచి పిండిలాంటి సున్నం రాలి అక్క జుట్టు మీద పడింది. అతను చేత్తో దులిపాడు. మళ్లీ పడింది. మళ్లీ దులిపాడు.